ఇతరములు

పీలేరు బస్సుకు ఇంకా నలభై నిమిషాలుంది.
తిరుపతి బస్టాండులో, మునిచంద్ర బంకులో
ఒక అడవిని క్లిప్పుతో వేలాడగట్టినారు, నూట అరవై రూపాయలకు.
అట్ట మీద చీకటి, చీకట్లో టార్చి,
టార్చి వెలుగులో ఒక చెయ్యి.
మిగతా మనిషి లోపలెక్కడో ఉన్నట్టుంది.

"తీసుకో మేడం, ఒక్క గుక్కలో చదివేస్తావు."
నీళ్లయితే ఒక్క గుక్కలో తాగుతాను గానీ
పుస్తకం నాకు పడుతుందో పడదో
బెండకాయ కొన విరిచినట్టు
నాలుగుచోట్ల విరిచి చూసుకోవాల.

హత్యలంటే నాకు భయం లేదు.
లాడ్జిలో, లిఫ్టులో, కల్యాణమండపం వంటగదిలో,
శానామంది చచ్చిపోయినారు నా చేతుల్లో.
పప్పు ఉడికేలోపు హంతకుణ్ణి పట్టేసి
తాపీగా తిరగమాత వేసినదాన్ని.
అడవి అనేసరికి మాత్రం చెయ్యి ఆగుతుంది.

పందొమ్మిదేళ్లు కలప డిపోలో లెక్క రాసినాను.
దుంగకొక నంబరు, తెల్ల పెయింటుతో.
పొడవు, చుట్టుకొలత, బరువు, గ్రేడు.

మొదటి పేజీ తెరిచినాను.
'నరికిన ఎర్రచందనం గుబాళింపు గాలినిండా...'
మూసేసినాను.
దానికి వాసన ఉండదయ్యా, రచయితా.
పేరులో ఉన్న చందనం పేరులోనే ఉండిపోయింది.
గొడ్డలి పడినచోట పొట్టు
పచ్చిపుండు రంగులో ఉంటుంది, అంతే.
వాసన వేసేది మోసినోడి చొక్కా.

"నచ్చలేదా మేడం?"
"ఉండు మునిచంద్రా."

ఒక్క తప్పుకే తోసేస్తే
మా ఆఫీసులో ఒక్క రిజిస్టరూ మిగలదు.
నలభయ్యో పేజీ. చిరుత గాండ్రించింది.
(మా కొండ చిరుత రంపం కోసినట్టు దగ్గుతుంది.)
అరవై రెండు. వాగులో శవం.
ఇన్‌స్పెక్టరుకు ఇంటిపేరుతో సహా పేరుంది,
ఆయన కుక్కకు కూడా ఉంది.
శవానికి 'కూలీ' అని ఉంది.

పట్టుబడిన లారీతో మాకు ఇంకొన్ని వచ్చేవి.
తెగిన చెప్పు, ఒంటిది.
బీడీకట్ట. పసుపుగుడ్డలో ముడేసిన విభూతి.
పులిహోర ఎండి అంటుకుపోయిన స్టీలు డబ్బా,
మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన
అరవ అక్షరాలు.
నాకు చదవరాదు. పక్క టేబుల్ ఏకాంబరం
వేలితో తడుముతా చదివినాడు:
"పూంగొడి. ఆడమనిషి. పెళ్లికి పెట్టింటారు."
ఆ వరుసకు మా రిజిస్టరులో పేరు 'ఇతరములు'.
సంఖ్య వేస్తాం.
విలువ దగ్గర గీత గీస్తాం.

సస్పెన్సు ఎట్లున్నా నేను సర్దుకుంటాను.
రక్తం నాలుగు చుక్కలు ఎక్కువైనా మింగుతాను.
ఈ రాసినాయన ఎప్పుడన్నా
అట్లాంటి డబ్బా మూత తెరిచినాడా అనేదే నాకు కావాల.
అది వెనక అట్ట మీద వెయ్యరు.

నూట పదమూడు.
తరుముతా ఉన్న గార్డు పరుగు మధ్యలో
బండ మీద కూలబడి
మడమలో దిగిన ముల్లును
మొలతాటి పిన్నీసుతో తీసుకుంటా ఉన్నాడు.
పేజీన్నర. కథ కదలదు.
దొంగలు కొండ దిగి పోతానే ఉంటారు.
పైన చెట్టులో బెట్లుడత తిడతానే ఉంటుంది.
ముల్లు వచ్చినాక వాడు దాన్ని పారేయడు,
అరచేతిలో పెట్టుకుని కాసేపు చూస్తాడు.

బంకు ముందు నిలబడి
నా మడమ ఒకసారి ఎత్తి పెట్టుకున్నాను.

"నూటిరవై ఇస్తాను."
"ముప్పై చెయ్యి మేడం, బోణీ."
సాయంత్రం ఆరున్నరకు బోణీ!

బస్సు భాకరాపేట ఘాటెక్కగానే
డ్రైవరు లోపలి లైట్లార్పేసినాడు.
హంతకుడు ఇంకా నూటెనభై పేజీల దూరంలో ఉన్నాడు.
టిక్కెట్టు మడిచి గుర్తు పెట్టినాను.
కిటికీ అవతల అసలుది
ఏమీ ఎరగనట్టు, నల్లగా, పక్కనే వస్తా ఉంది.
వాసనంటే డీజిలుదే.
ముందు సీటులో ఎవరో
చీకట్లోనే టిఫిన్ డబ్బా మూత తెరిచినారు.